వేషం మార్చే అంకెలు

అది కాదు తమ్ముడూ, నొక్కింది నేనే, కాదనను. రెండు నొక్కితే రెండు పడాలా వద్దా? నా తెర మీద పడింది కూడా! ఈ గదిలోకి, ఈ చెక్కే మిషను కంప్యూటర్లోకి వచ్చేసరికి అది ఇంకోటయి కూర్చుంటే నేనేం చెయ్యను?

నువ్వు అటు తిరిగే రిపేరు చేసుకో, ఫరవాలేదు. ఎదురుగా మొహం కనబడితే నాకు నోరు పెగలదు. వీపుతో అయితే ఎంతసేపైనా మాట్లాడతాను. మా ఆయన అంటారు కూడా, "నీ కబుర్లు వినాలంటే గోడవైపు తిరిగి పడుకోవాలే" అని.

ఏం ప్లేట్లంటావా? గది తలుపుల మీద బిగిస్తారే, ఆ నంబరు ప్లేట్లు. ఒక కొత్త ఆసుపత్రివి, అరబ్బు దేశాల రోగులు ఎక్కువగా వస్తారట. రేపు తెరుస్తున్నారు. పైన అరబిక్‌లో 'గది' అని, పక్కన నంబరు వాళ్ళ అంకెల్లో. కింద అదే ఇంగ్లీషులో.

నాకు అరబిక్ వచ్చా? రాదు! ఇంతకుముందు టైపు చేసే పిల్ల మానేసి వెళ్తూ, మీటల మీద చిన్న చిన్న కాగితాలు అంటించి, "ఈ రెండూ కలిపి నొక్కితే భాష మారుతుందక్కా" అని చూపించింది. అక్షరాల్ని నేను చదవను, ఆనవాలు పడతాను. నెత్తిన ఒక చుక్కున్నది ముందు, రెండు చుక్కలున్నది చివర. అలాగన్నమాట.

అంకెలే నా ప్రాణం తీశాయి. వాళ్ళ అయిదు అచ్చం మన సున్నా. వాళ్ళ సున్నా ఒట్టి చుక్క. వాళ్ళ ఆరు మన ఏడులా ఉంటుంది. సరే, అలవాటు చేసుకున్నాను. వింత ఏంటంటే, మన కీబోర్డు మీద వాటికి వేరే మీటల్లేవు. అదే మీట! అరబిక్ అక్షరం తర్వాత నొక్కితే వాళ్ళ అంకె, ఇంగ్లీషు అక్షరం తర్వాత నొక్కితే మామూలు అంకె. పక్కన ఎవరుంటే వాళ్ళ వేషం! ఎంత తెలివైన పెట్టె అని మురిసిపోయాను. పెన్‌డ్రైవులో వేసి ఇక్కడికి పంపాను.

ఏమైంది? పైనా కిందా అన్నీ ఇంగ్లీషు అంకెలే చెక్కేసింది. ఆసుపత్రివాళ్ళు తిప్పి పంపారు. మా ఓనరు అందరి ముందూ, "ఏమ్మా, కళ్ళు తెరిచి కొట్టావా, మూసుకుని కొట్టావా?" అన్నారు. నేనేమన్నాను? నా తెర చూడండి సార్, అక్కడ బాగానే ఉంది అని గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది.

ఇలా కాదని రెండోసారి, గుర్తులన్నీ గళ్ళల్లో పేర్చి ఉంటాయి చూడు, అది తెరిచి ఒక్కో అంకే ఏరి పెట్టాను. అక్కడా చావే! అక్కాచెల్లెళ్ళలా ఒకే పోలికతో రెండు వరసలు. కింది వరసలో అయిదు సున్నాలా లేదు, తలకిందులైన గుండె బొమ్మలా ఉంది. ఇదే నయం, సున్నా అనుకోరులే అని ఆ వరసే పెట్టాను. అవి వాళ్ళవి కావట! ఇంకో భాషవాళ్ళవట. నాలుగు, అయిదు, ఆరు తేడా, మిగతావన్నీ ఒకటే. ఆ ప్లేట్లూ చెత్తలోకి. అది నా తప్పే. కానీ ఆ గళ్ళ దాకా నన్ను తరిమింది ఎవరు, చెప్పు?

నవ్వకు. మొదటి తప్పు మిషనుదా, నాదా తేలాలనే నిన్ను పిలిపించారు. మిషనుదైతే సరి. నాదైతే నా కుర్చీ పోతుంది. మళ్ళీ వెనక గది. ప్లేట్ల వెనక రెండువైపులా అంటుకునే టేపు వేసి, దాని మీద కాగితం గోటితో లాగడం. ఏళ్ళ తరబడి అదే చేశాను. ఇదిగో, ఈ బొటనవేలి గోరు... సరే, నువ్వు చూడవులే.

కుర్చీ వచ్చాక ఇంట్లో పిలుపే మారింది తమ్ముడూ. "అయిదో క్లాసు ఆఫీసరమ్మగారూ, అన్నం పెడతారా?" అంటారు మా ఆయన. వెటకారమే! అయినా అందులో 'గారు' ఉంది కదా? మా అమ్మాయి స్నేహితురాళ్ళతో "మా అమ్మ కంప్యూటర్లో పని చేస్తుంది" అంటుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. లోపలికి వెళ్తే మాట ఆపేస్తుందని వెళ్ళలేదు.

ఏంటీ? దొరికిందా? ఈ కంప్యూటర్లోనా? అంకెలు ఎప్పుడూ ఇంగ్లీషు రూపంలోనే చూపించమని ఇందులో పెట్టి ఉందా? నా దాంట్లో ముందున్న అక్షరాన్ని బట్టి మార్చమని ఉందా? అంటే... నేను కొట్టింది సరిగ్గానే కొట్టానా? మళ్ళీ చెప్పు తమ్ముడూ. కాదు, నిజంగా, ఇంకోసారి చెప్పు.

హమ్మయ్య! అయితే ఓనరుగారికి నువ్వే చెప్పెయ్. నీ మాటంటే వింటారు. నేనా? నన్ను చెప్పమంటావా? సరే, చెప్తాను. ఎందుకు చెప్పను? "సార్, నా టైపింగు తప్పు కాదండి, ఈ కంప్యూటర్లో సెట్టింగు అలా ఉందండి." ఇంతే కదా! ఇంకొంచెం గట్టిగానా? "సార్, నా టైపింగు తప్పు కాదండి..."

అదిగో, ఆయన చెప్పుల చప్పుడు.

ఆఁ... సార్. అయిపోయిందండి. బాగైందండి. ఏంటంటే సార్... అదీ... నేనే ఏదో నొక్కేసి ఉంటానండి. అవునండి. రేపట్నుంచి కొత్తమ్మాయా అండి? మంచిది సార్. ఆఁ, వెనక గదికే... వెళ్తానండి.

వెళ్ళిపోయారా?

అలా నోరు తెరుచుకుని చూడకు. ఆయన వెనకాల పరిగెత్తకు కూడా. నేనే కదా అన్నాను, ఇప్పుడు కాదంటే అబద్ధాలకోరు ముద్ర కూడా పడుతుంది.

ఇందాకట్నుంచీ అంకెల్ని ఆడిపోసుకుంటున్నాను చూడు. పాపం, వాటినెవరో అలా పెట్టారు, అవి మారాయి. ఎక్కడ మార్చాలో నీకు తెలిసింది, మార్చావు. నన్నెక్కడ మార్చాలో?

సరేలే. నా గదికి వెళ్తే ఆ మీటల మీది కాగితాలు మాత్రం పీకకు, కొత్తమ్మాయికి పనికొస్తాయి. అంకెలు ఇంక సరిగ్గానే పడతాయిగా? పడనీ.

ఆ టేపు చుట్ట ఇలా అందించు.