శార్దూల బండి చప్పుడు

1982 మే ఒకటో తారీఖు, ఉదయం పది గంటలు. హుస్సేనీ ఆలం ఠాణాలో సబ్ ఇన్‌స్పెక్టర్ అమరనాథ్ గారి ఎదుట ఇచ్చిన వాంగ్మూలం.

నా పేరు కైలాసం. తండ్రి ఆగయ్య. వయసు ఇరవై మూడు. బి.ఎ. పాసయ్యాను. వృత్తి, ఉద్యోగాలకు అర్జీలు పెట్టడం. నివాసం జహనుమా.

ముందుగా నా వల్ల కష్టపడిన యావన్మందికీ సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. శనివారం పూట పని పడిన ఠాణా సిబ్బందికి, ఫిర్యాదు రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టిన ఏజెంటు పురుషోత్తం గారికి, దారిలో బెదిరిన మేకలకు, తాము చేసిన బండిని తామే నమ్మలేకపోయిన మోటారు సైకిళ్ల కంపెనీ వారికి. ఇక జరిగింది చెబుతాను.

మా బాపు రైల్వేలో గ్యాంగ్‌మన్. దబీర్‌పురా స్టేషన్ దగ్గర పట్టాల పని. ఏడేళ్ల కిందట శార్దూల మోటారు సైకిల్‌కు పేరు రాయించాడు. అప్పటినుంచీ గ్యాంగులో ఒకటే మాట. “చూస్తుండుండ్రి, రిటైరయ్యే లోపట బండి మీద డ్యూటీకొస్త.”

“నీ బండి గూడ్సుగాడీల వస్తున్నట్టున్నది ఆగన్నా, ఇంక సిగ్నల్ పడలే” అనేవాడు ఆయన జోడీ పెంటయ్య.

ఈ జనవరిలో బండి వచ్చింది. మా అమ్మ నీలమ్మ నిమ్మకాయలు కట్టి దిష్టి తీసింది. బాపు ఇంకా గల్లీలో నేర్చుకుంటుండగానే పేపర్లో కంపెనీ ప్రకటన పడింది. ఆ విడత బండ్లకు హ్యాండిల్ మెడ దగ్గర వెల్డింగు సరిగ్గా పడలేదు, నడుస్తుండగా విరగవచ్చు, ఎవరూ నడపరాదు, ఏజెంటుకు అప్పగిస్తే కొత్త ఫ్రేము వేసి ఇస్తాము అని. బాపు బండిని తోసుకుంటూ వెళ్లి పురుషోత్తం గారి షెడ్డులో అప్పగించాడు. ఫ్రేము ఇప్పటికీ రాలేదు.

డ్యూటీ దిగాక బాపు రోజూ షెడ్డుకు పోయేవాడు. రేకు గేటుకు ఒక కంత ఉంది. కాపలా దస్తగీర్ చాచా ఆయన కోసం అక్కడ స్టూలు వేసి ఉంచేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. బాపు కంతలో కన్ను పెట్టి, “సీటు మీద దుమ్ము పడ్డదిరా” అన్నాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని మళ్లీ అన్నాడు, “మస్తు దుమ్ము పడ్డది.”

నిన్న బాపు ఆఖరి డ్యూటీ. రిటైరయ్యే రోజు గ్యాంగంతా గేటు దగ్గర నిలబడి, వచ్చిన మనిషికి దండ వేసి లోపలికి తీసుకుపోవడం వాళ్ల ఆనవాయితీ. పొద్దున్నే బాపును షెడ్డుకు తీసుకుపోయాను.

“చాచా, ఒక్క గంట ఇయ్యి” అన్నాను.

“అరే బేటా, సేఠ్‌కు తెలిస్తే నా నౌకరి పోతది.”

“ఇంజను స్టార్ట్ చెయ్య. నా చదువు మీద ఒట్టు.”

“ఇంకేదన్నా మంచిదాని మీద ఒట్టెయ్యి.”

అమ్మ మీద వేశాను. బండి తాళంచెవి ఆయన జేబులోనే ఉంచుకుని గేటు తీశాడు. ఆయన తప్పేమీ లేదు.

“ఎక్కు బాపూ.”

“నడపొద్దన్నరు గదరా.”

“నడపవు. కూసుంటవ్.”

ముందు మోచేత్తో సీటు మీది దుమ్ము తుడిచాడు. తర్వాత కూర్చున్నాడు. దబీర్‌పురా దాకా మనిషి నడిచే వేగంతో నేనే వెనక నుంచి తోశాను. ప్రతి మలుపులో బాపు చెయ్యి చాపి సైగ చేశాడు, వెనక నేను తప్ప ఎవరూ లేకపోయినా. స్టేషన్ ముందర చిన్న దిగుడు ఉంది. అక్కడ చెయ్యి వదిలేశాను. బాపు ఒక్కడే, నిటారుగా కూర్చుని, గేటు దాకా వెళ్లి బ్రేకు వేశాడు. పెంటయ్యన్న దండ పట్టుకుని ఉరికొచ్చాడు.

బండిని తిరిగి తోసుకొచ్చేసరికి పురుషోత్తం గారు షెడ్డు ముందు ఉన్నారు. విరిగే బండిని జనం మధ్య నడిపారని ఆయన ఫిర్యాదు. నడిపినట్టు తేలితే బండిని జప్తు చేసి కోర్టుకు పంపుతామని తమరు అన్నారు. అక్కడ గోడలకు కంతలు ఉంటాయో లేదో నాకు తెలియదు.

బాపు బయట బెంచీ మీద కూర్చుని, “నేనే నడిపిన, రాసుకోండ్రి” అంటున్నాడు. ఈ ఒక్క నేరం తనకే దక్కాలని ఆయన ఆశ. పెంటయ్యన్న కూడా తమరి ముందు, “ఇంజను డబడబ కొట్టుకుంట వచ్చింది సారూ, నా చెవులతోని విన్న” అన్నాడు. పెంటయ్యన్న మంచివాడు. ఆ మంచితనమే ఇప్పుడు మా మీద సాక్ష్యం.

పై మాటలన్నీ నావే, ఎవరూ నేర్పినవి కావు. రైటరు గారు చదివి వినిపించగా సరిగ్గా ఉన్నాయని ఒప్పుకున్నాను. బయట బెంచీ దాకా వినబడకుండా మెల్లగా చదివినందుకు ఆయనకు దండాలు. సంతకానికి ముందు ఒక్కటి కలపమన్నాను.

ఇంజను స్టార్ట్ కాలేదు. అయినా పెంటయ్యన్న విన్నది అబద్ధం కాదు. దిగుడులో చెయ్యి వదిలాక బాపు వెనక ఉరుకుతూ ఆ చప్పుడు నేను చేశాను, నోటితో. బాపు గేరు మార్చినప్పుడల్లా నేనూ మార్చాను.

(సంతకం) ఎ. కైలాసం, బి.ఎ.