నీలం వైరు తప్పు

కాదు బావగారూ, ఎంత ఆలోచించినా తప్పు నాది కాదు, ఆ నీలం వైరుది. మీరు ముందు కూర్చోండి. వ్యాను అతను టీకి వెళ్ళాడు. లోపల వాళ్ళ సర్దుడు ఇంకో గంటకి గానీ తెమలదు. మా అమ్మాయి సంగతి నాకు తెలీదా? పెళ్ళయి రెండేళ్ళయినా దువ్వెన వెతుక్కోవడానికి పావుగంట!

అయినా కొడుకునీ కోడల్నీ తీసుకుపోవడానికి మీరే వ్యాను మాట్లాడుకుని రావాలా? సరే, వచ్చారు. వచ్చినవారు నా వైపు కథ కూడా వినాలిగా!

అల్లుడుగారు మీకేం చెప్పారు? మామగారు ల్యాప్‌టాప్ కాల్చేశారనేగా? అదిగో, ఆ మాటే నాకు గిట్టదు. కాల్చేయడమంటే ఏదో అగ్గిపుల్ల గీసి పడేసినట్టు. కాస్త వాసన వచ్చింది, అంతే. పొగ కూడా సరిగ్గా రాలేదు.

మొదట్నుంచీ చెప్తాను. ఆ ల్యాప్‌టాప్ వాళ్ళ కంపెనీది. దాని లోపలి బ్యాటరీ ముసలిదైపోయింది. కరెంటు పోతే ఆరు నిమిషాల్లో గుడ్లు తేలేస్తుంది. పొద్దున పదకొండింటికి అల్లుడుగారికి రోజూ మీటింగు. సరిగ్గా ఆ టైముకే ఇంట్లో కరెంటు పోవడం. ఒక రోజా, రెండ్రోజులా? పాపం, మనిషి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. కింద పైజామాయే అనుకోండి, అది వేరే విషయం.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇళ్ళకి వైరింగ్ చేసిన మనిషి ఇంట్లో ఇదా? ఈ వీధిలో సగం స్విచ్‌బోర్డులు నా చేతివే. ఊరుకుంటానా! రంగంలోకి దిగాను.

మోకాళ్ళు మొరాయించి పని మానేశాక, నా డ్రిల్లింగ్ మిషన్ల బ్యాటరీలు అటక మీద పడి ఉన్నాయి. విప్పితే లోపల వేలెడంత సెల్లులు. చచ్చినవి పక్కన పెట్టి, బతికున్నవి ఏరి, రేకు పట్టీలతో వరసగా కలిపాను. మా ఆవిడ బిస్కెట్లు దాచుకునే ప్లాస్టిక్ డబ్బాలో సర్దాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు లెండి, ఆ డబ్బా కోసం.

ముందు ఇంటర్నెట్ పెట్టెకి పెట్టి చూశాను. దానికి పన్నెండు వోల్టులు, మూడు సెల్లులు చాలు. లైట్లు ఎంత ముచ్చటగా వెలిగాయనుకున్నారు! అల్లుడుగారు గదిలోంచి బయటికొచ్చి “సూపర్ మామయ్యా” అన్నారు. మామయ్యగారూ కాదు, మామయ్యా! మా ఆవిడ సాక్షి.

అక్కడ ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను?

ల్యాప్‌టాప్‌కి పంతొమ్మిదిన్నర వోల్టులు. అంటే అయిదు సెల్లులు. ఇక మిగిలింది అడాప్టర్ తీగ కోయడం. గోడ వైపు ముక్క అవతల పారేసి, ల్యాప్‌టాప్‌కి గుచ్చే ముక్కని నా డబ్బాకి కలపడం. పది నిమిషాల పని! “ఇదొక్కటే ఉంది మామయ్యా, జాగ్రత్త” అన్నారు అల్లుడుగారు. “వైరు చూసి భయపడే రోజులు నాకెప్పుడో పోయాయి” అన్నాను. ఎందుకన్నానో!

కోశాను. లోపల మూడున్నాయి. లావుపాటి తెల్ల వైరొకటి, సన్నపాటి నీలం వైరొకటి, వాటి చుట్టూ తొడుగు లేని రాగి పోచలు, జడ అల్లినట్టు. ఇప్పుడు మీరే చెప్పండి. ఇళ్ళ వైరింగులో తొడుగు లేని రాగి అంటే ఏమిటి? ఎర్తు. మిక్సీ, ఇస్త్రీపెట్టె తీగల్లో నీలం అంటే? న్యూట్రల్, కరెంటు తిరిగెళ్ళే దారి. మిగిలింది ఫేజు, కరెంటు వచ్చే దారి. నిద్రలో లేపి అడిగినా ఇదే చెప్తాను. బిస్కెట్ల డబ్బాకి ఎర్తెందుకు? ఆ రాగి పోచలు కత్తిరించి టేపు చుట్టేశాను. తెలుపు ప్లస్సుకి, నీలం మైనస్సుకి.

టేపు ఎంత నీటుగా చుట్టానో చూస్తారా? పోనీలెండి.

గుచ్చాం. టిక్‌మని చిన్న చప్పుడు. తర్వాత ఆ వాసన. అల్లుడుగారు నా మొహంలోకి చూశారు. నేను ఫ్యాను వైపు చూశాను.

సర్వీస్ సెంటర్లో ఓ అమ్మాయి, మన అమ్మాయి ఈడే ఉంటుంది, నాకు పాఠం చెప్పింది. మైనస్సు ఆ రాగి జడేనట. నీలం వైరు కరెంటుకి కాదట, కబుర్లకట! దాని గుండా ల్యాప్‌టాప్ “నువ్వెవరు” అని అడిగితే, అడాప్టర్ “నేను ఫలానా” అని చెప్తుందట. అయిదు సెల్లుల కరెంటూ ఆ సన్నపు వైరు మీదికి తోసేసరికి ఆ కబుర్ల భాగం మాడిపోయింది. ఇప్పుడు కొత్త అడాప్టర్ తెచ్చి పెట్టినా ఎవరో తెలియనట్టే ఉంటోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క వైరు కూడా నోరు విప్పలేదు బావగారూ. ఇప్పుడు మాట్లాడతాయని నాకెవరు చెప్పారు?

నవ్వండి, నవ్వండి. నాకూ నవ్వే వచ్చేది, ఆ ఫోను వినకపోయుంటే.

ఇంకొక్కసారి మీటింగు తప్పితే వేరే మనిషిని చూసుకుంటామన్నారట కంపెనీవాళ్ళు. అల్లుడుగారు గదిలో బతిమాలుకుంటున్నారు. “మా మామగారింట్లో వైరింగ్ పాతది సార్. అస్సలు బాగోలేదు. ఈ వారంలో మా నాన్నగారింటికి మారిపోతున్నాం.” నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతలో మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. “ఏమీ అనుకోకు నాన్నా, ఇంట్లో వైరింగే పోయింది, నువ్వు మాత్రం ఏం చేస్తావ్?” అంది. బొమ్మలు మానేసి నా టెస్టరుతో ఆడుకున్న పిల్ల!

ఆ బిస్కెట్ల డబ్బా తీసి మంచం కిందకి తోసేశాను.

ఏమిటీ? ఏమన్నారు?

కరెంటు పోయినప్పుడు పక్కింట్లో కూడా పోయేదా అనా?

హుఁ. బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా రిటైరై ఎన్నాళ్ళయినా ఆ బుద్ధి పోనిచ్చుకోలేదు మీరు. కరెంటు రోజూ పదకొండు దాటాక అయిదు నిమిషాలకే ఎందుకు పోతుందనేగా మీ అనుమానం? మీ అబ్బాయి మీటింగు టైము సబ్‌స్టేషన్‌వాళ్ళకి ఎవరు చెప్పారనేగా?

ఆ తలుపు కాస్త దగ్గరికి వేయండి.

మొదటిసారి నిజంగానే పోయింది, నా మీద ఒట్టు. మెయిన్‌లో ఫ్యూజు కొట్టేసింది. అల్లుడుగారు పరుగున వచ్చి “మామయ్యగారూ, ఇక మీరే దిక్కు” అన్నారు. వాళ్ళిక్కడికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. నాలుగు నెలల్లో మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు “తిన్నారా?”, “తిన్నానండీ.” అంతే. ఆ రోజు మాత్రం నా స్టూలు పక్కన టార్చి పట్టుకుని నిలబడి, ఇదేమిటి, అదెందుకు అని అరగంట అడిగారు. నేను చెప్తూనే ఉన్నాను. మోకాళ్ళ నొప్పి గుర్తే లేదు. ఎంత సంతోషం వేసిందో మీకు చెప్పలేను బావగారూ! పని మానేశాక నన్నెవరూ ఏదీ అడగలేదు. మా ఆవిడ అడుగుతుంది, ఎక్కడికి పోతున్నారని.

తర్వాత రెండు వారాలు ఇంట్లో ఏదీ పాడవలేదు. నా పని అలాంటిది, ఏం చేయను? మళ్ళీ “తిన్నారా?”, “తిన్నానండీ.” మూడో వారం మెయిన్ స్విచ్ దగ్గర ఊరికే నిలబడ్డాను. చెయ్యి దానంతటదే వెళ్ళింది. కాదులెండి, నేనే పెట్టాను. మీటింగు టైములో అయితేనే పరుగున వస్తారని కూడా లెక్క వేసుకునే పెట్టాను.

ఉద్యోగం మీదికి వస్తుందని తెలీదా అంటారా? తెలిసింది. తెలిసే ఆ డబ్బా మొదలుపెట్టాను. నేను తీసే కరెంటుకి నేనే మందు తయారుచేస్తున్నానన్నమాట! అది గనక పని చేసుంటే మెయిన్ జోలికి మళ్ళీ వెళ్ళేవాణ్ణి కాదు. ఆయనకి మీటింగు ఉండేది. నాకు రోజూ ఆ డబ్బా చార్జింగ్ పెట్టే పని ఉండేది. సాయంత్రం “ఎంత మిగిలింది అల్లుడుగారూ?” అని తలుపు తట్టడానికి ఓ వంక ఉండేది.

అలా చూడకండి. మా ఆవిడకి కూడా తెలీదు.

అదిగో, మా అమ్మాయి పిలుస్తోంది. సర్దుడు అయినట్టుంది. తీసుకెళ్ళండి, నేను అడ్డుపడను. ఏ మొహం పెట్టుకుని అడ్డుపడతాను?

దారిలో మీ అబ్బాయికి మీరే చెప్పండి. మామగారే మెయిన్ తీసేవారని చెప్పండి. మా అమ్మాయి కూడా వింటుంది, విననివ్వండి. సిగ్గుచేటే, కాదనను. కానీ వెళ్ళడం ఎలాగూ వెళ్తున్నప్పుడు, నా బుద్ధి బాగోలేదని వెళ్తే సరిపెట్టుకుంటాను. వైరింగ్ బాగోలేదని మాత్రం వెళ్ళనివ్వకండి. ఈ ఇంటి వైరింగ్ నేను చేశాను బావగారూ.