కంప్యూటర్‌లోంచి తీసేసింది కృప కాదు

మీరు తప్పు మనిషిని స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. మూడు రోజులుగా ఉదయం పదికి పిలిచి సాయంత్రం అయిదు దాకా అడిగిందే అడుగుతున్నారు. ఆ కంప్యూటర్‌ను పాడుచేసింది ఆమె కాదు, నేను. ముందు ఈ మాట రాసుకోండి, నా పేరు తర్వాత.

నా పేరు బజారి. తండ్రి తిక్కన్న. వయసు యాభై రెండు. ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. కరపత్రాలు రాస్తాను, సభల్లో మాట్లాడతాను. వలస కూలీల సహాయ కేంద్రం కమిటీలో సభ్యుణ్ణి. కేంద్రానికి ఆదోనిలో ఒక గది, ఎమ్మిగనూరులో ఒక గది ఉన్నాయి. ఆదోని గది చూసుకునే అమ్మాయి కృప, కూలివాళ్ల బిడ్డ, వయసు ఇరవై నాలుగు. ఆమె మీద ఫిర్యాదు ఇచ్చిన శేషన్న మా కమిటీ కార్యదర్శి.

ఆదోని గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. దాంట్లో విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేయించింది నేనే. మన యంత్రం కంపెనీల మాట కాదు, మన మాట వినాలని రెండు సమావేశాల్లో వాదించి గెలిచాను. అది నెమ్మదిగా నడుస్తోందని కృప చెబితే నవంబరు 19, బుధవారం సాయంత్రం అయిదు గంటలకు వెళ్లాను. బల్ల మీద ప్రింటర్ లేదు. బల్ల కింద చూశాను, అక్కడా లేదు. ప్రింటర్ లేని చోట ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు అనుకున్నాను. ఊరికే వెనక నడుస్తూ ఉంటుంది, బయటివాళ్లు చొరబడటానికి సందు కూడా అవుతుందని చదివి ఉన్నాను. ఆ ప్యాకేజీలన్నీ తీసెయ్యమని కమాండ్ ఇచ్చాను. కంప్యూటర్ ఇరవై ఆరు పేర్ల జాబితా చూపించి, తీసెయ్యమంటావా అని అడిగింది. అవునన్నాను.

కృప నా వెనకే నిలబడి ఉంది.

"ఏం తీసేస్తాండావన్నా?" అంది.

"మనకు పనికిరానివి."

"మల్ల ఆదివారం..." అంది.

కంపెనీలు మనకు అక్కర్లేనివి ఎట్లా అంటగడతాయో నేను అప్పటికే చెప్పడం మొదలుపెట్టాను. పావుగంట చెప్పాను. ఆమె పోయి టీ తెచ్చింది. ఆ మాట పూర్తి చేయలేదు. నేను చేయనివ్వలేదు.

కేంద్రానికి ఉన్నది ఒకటే ప్రింటర్. సోమవారం నుంచి శనివారం దాకా ఎమ్మిగనూరులో ఉంటుంది. అక్కడి గది చూసుకునే వీరేష్ ఆదివారం దాన్ని దుప్పటిలో చుట్టి బస్సులో ఆదోనికి తెస్తాడు. రెండేళ్లుగా ఇదే ఏర్పాటు. కమిటీ సభ్యుణ్ణయిన నాకు తెలియదు. ఆదివారాలు నేను సభల్లో ఉంటాను.

నవంబరు 23, ఆదివారం. కౌతాళం వైపు పల్లెల కుటుంబాలు పత్తి తీతకు గుంటూరు వైపు పోతున్నాయి. కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ నాలుగు గంటల దాకా లారీని మా గది ముందు ఆపుతానన్నాడు. పెద్దవాళ్లు వలస పోయినా పిల్లలు బడి మానకుండా ఉండటానికి హాస్టల్ ఉంది. ఒక్కో బిడ్డకు రెండు పేజీల ఫారం, దాని మీద తల్లి వేలిముద్రో తండ్రి వేలిముద్రో ఉండాలి. సోమవారం పొద్దున ఇవ్వాలి. నలభై ఒక్క ఫారాలను కృప వారం రోజులు కూర్చుని కంప్యూటర్‌లో నింపి పెట్టింది. ప్రింట్ తీసి వేలిముద్రలు వేయించడమే మిగిలింది.

వీరేష్ ఒకటిన్నరకు ప్రింటర్ తెచ్చి తగిలించాడు. కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు. కృప నాకు 1.50కి, 2.05కి, 2.20కి ఫోన్ చేసింది. నేను ఎమ్మిగనూరులో వేదిక మీద ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఎత్తి ఉంటే, ఆమె ఫోన్‌లోని నెట్‌తోనే తీసేసినవన్నీ తిరిగి వేయించేవాణ్ణి. పది నిమిషాల పని. పది నిమిషాలే. ఆదివారం తెరిచి ఉన్న జిరాక్స్ షాపు ఒక్కటి దొరికితే, అక్కడి కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు ఖాళీ గడులుగా వచ్చాయట. అప్పుడు కృప తెల్లకాగితాల మీద చేత్తో రాయడం మొదలుపెట్టింది. నాలుగింటికి లారీ హారన్ కొట్టేసరికి తొమ్మిది అయ్యాయి. ఆ తొమ్మిది మంది పిల్లలు ఈ రోజు హాస్టల్‌లో ఉన్నారు. ముప్పై రెండు మంది లారీ ఎక్కారు.

పదోది ముత్తమ్మ కూతురు రాణిది. అయిదో తరగతి. పేరు, ఊరు రాసి ఆగిపోయిన ఆ కాగితాన్ని మీరు సాక్ష్యమని తీసుకున్నారు.

మరుసటి రోజు కమిటీలో శేషన్న అన్నాడు: "ఆ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆ పిల్లకే తెలుసు. దాని మేనమామ మేస్త్రీ లారీ తోల్తాడు. పిల్లోల్లు లారీ ఎక్కితే లాభం మేస్త్రీకే. ఇంగ ఇడిసి సెప్పల్లా?" పాస్‌వర్డ్ నాకూ తెలుసు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. నేను తీసేసినవాటికీ దీనికీ సంబంధం ఉందో లేదో చూసి చెబుదామనుకున్నాను. చూడలేదు. తెలుసు కాబట్టే చూడలేదు. అట్లా పది రోజులు గడిపాను.

ఇంత చదివి పక్కనున్న పిల్లను ఒక్క మాట అడగలేకపోయారా అన్నారు మీరు. అడగలేదు సార్. జనాన్ని అడగకుండానే జనానికేం కావాలో తేల్చేస్తారని అధికారులను ముప్పై ఏళ్లు తిట్టినవాణ్ణి, అడగలేదు. అయితే నా ప్రశ్న కూడా రాసుకోండి. పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసని మీరు శేషన్నను అడిగారా? కూలివాళ్ల బిడ్డ మేస్త్రీకి అమ్ముడుపోయిందంటే ఆయన నమ్మాడు, మీరు నమ్మారు. లెక్చరర్ పొరపాటు చేసి ఉంటాడని ఒక్కరికీ తోచలేదు.

నిన్న ముత్తమ్మకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను.

"పోనీలేప్పా. నువ్వేమన్నా గావాలని సేసినావా" అంది.

రాణి ఏం చేస్తోందని అడిగాను.

"పత్తి తీస్తాండాది. సిన్న సేతులు గదా, కాయలో నుంచి సులువుగా వస్తాదంట. మేస్త్రీ మెచ్చుకుంటాండాడు." మళ్లీ తనే అడిగింది: "కృప యాడుందప్పా? అంత బిరబిరా రాసింది పాపం. బాధపడొద్దని సెప్పు."

కృప స్టేషన్‌లో ఉందని చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

ఇది నన్నెవరూ బెదిరించి చెప్పించింది కాదు, ఆశ పెట్టి చెప్పించిందీ కాదు. చదివి వినిపించారు, రెండు చోట్ల నేనే దిద్దించాను. జరిగింది ఇదే. నేను కోరేవి కూడా ఇందులోనే ఉండాలి:

1. కృపను ఇప్పుడే ఇంటికి పంపాలి. మళ్లీ పిలవకూడదు.
2. ఫిర్యాదులో ఆమె పేరు కొట్టేసి నా పేరు రాయాలి.
3. ఈ వాంగ్మూలాన్ని శేషన్నతో సహా కమిటీ అందరి ముందు, కృప ఎదుట చదవాలి.
4. ముప్పై రెండు మంది పిల్లలకు హాస్టల్‌లో చోటు ఉంచమని మీరు ఒక లేఖ ఇవ్వాలి.
5. మిగిలిన ఫారాలు ప్రింట్ తీసి నా సంచిలో పెట్టుకున్నాను. కేసు ఏదైనా పెట్టండి. గుంటూరు వైపు పోయి వేలిముద్రలు వేయించుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేదాకా నాకు నాలుగు రోజులు ఇవ్వాలి.

(సంతకం) బజారి
ఆదోని, 4 డిసెంబరు 2025, ఉదయం 11.40