సున్నం రాళ్ల దారి

"నేనేదో పెద్ద వీరుణ్ణని చెప్పుకోవడం లేదు. ఆ రోజు ఒక్కదాన్ని కొట్టాను, అంతే. అదీ కుంచెతో," అన్నాడు సున్నాలాయన, టీకొట్టు గోడకి వీపు ఆనించి. పొద్దున పదన్నా కాలేదు, అప్పటికే అలసిపోయి ఉన్నాడు.

"అడివి రకాన్నా?" అన్నాడు బండి తోలే బావ. ఈయన చెల్లెలి మొగుడు.

"మరి? ఊళ్లో ఉండే రక్తపిశాచాలదేముంది బావా, పాపం తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడిగి, వద్దంటే సరేనని వెళ్లిపోయే మర్యాదస్తులు. ఈ అడివి రకం ఉందే, దానికి మాట రాదు, మర్యాద అసలే రాదు, మిట్టమధ్యాహ్నం ఎండలోనే మీద పడుతుంది. పచ్చి సున్నం వాసన ఒక్కటే దానికి పడదు. అందుకేగా క్వారీ దారి పొడుగునా రెండు వందల రాళ్లకి పదిహేను రోజులకోసారి సున్నం కొట్టమని ఊరివాళ్లు నన్ను పెట్టింది. సరే, నలభయ్యో రాయి దగ్గర వంగి కొడుతున్నానా, వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుంది. కుంచె తిప్పి మూతిమీద ఒక్కటిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పారిపోయావు," అంది టీకొట్టు అక్క, గ్లాసులు కడుగుతూ.

"నేనా? అదే వెళ్లి ఇంకో పదింటిని వెంటేసుకొచ్చింది. బకెట్టు తన్నేశాయి, సున్నమంతా నేలపాలు. పరిగెత్తాలన్నా ఓపిక ఉండాలిగా అక్కా. సరే కానివ్వండి, తాగండి అని చెయ్యి చాపాను. మొదటిది రెండు గుక్కలు తాగిందో లేదో, ఆవులించింది."

"ఆవులించిందా?"

"నా రక్తంలో ఏముంటుంది బావా? ముప్పై ఏళ్ల అలసట. వంగి వంగి పడిపోయిన నడుం, సున్నం తినేసిన వేళ్లు, అదంతా దాని ఒంట్లోకి దిగింది. అక్కడే రాయికి తలానించి పడుకుంది. రెండోది, మూడోది, వరసపెట్టి పదకొండూ గురక. ఆ గురకకి క్వారీ గుట్టలోంచి వాటిల్లో పెద్దది లేచి వచ్చింది. నీ బండీ ఎద్దులూ కలిపినా దాని కాలంత ఉండవు."

"మొన్న మనిషంత అన్నావు," అంది అక్క.

"మొన్న చెప్పింది అది కూర్చున్నప్పటి ఎత్తు. అదీ తాగింది, కడివెడు తాగింది. తాగి తట్టుకోలేక ఏడ్చింది, ఇంత అలసటతో రోజూ ఎలా లేస్తున్నావయ్యా అని."

"వాటికి మాట రాదన్నావుగా?" అన్నాడు బావ.

"నా రక్తం తాగాక వచ్చింది. ఆ ఏడుపు విని గుట్టలో ఉన్న మూడు వందలూ పడుకున్నాయి, మళ్లీ లేవలేదు. గుట్ట కూడా ఓ పక్కకి ఒరిగింది, కావాలంటే చూసుకో. మొత్తం వంశమే లేదు బావా. ఇంకా ఆ రాళ్లకి సున్నం కొట్టడం ఎందుకు, దండగ."

బావ టీ తాగేసి లేచాడు. "మంచి కబురు చెప్పావు. మీ చెల్లెలికి తెల్లారినప్పట్నుంచి నొప్పులు. మంత్రసాని దగ్గరికి పెద్ద దారిన వెళితే సాయంత్రమవుతుంది. క్వారీ దారిన గంటలో దింపేస్తాను."

సున్నాలాయన గ్లాసు కింద పెట్టాడు. "పెద్ద దారినే వెళ్లు."

"ఎందుకు? ఒక్కటీ లేదన్నావుగా."

"వద్దన్నానా."

"అక్కడ మీ చెల్లెలు పళ్లు బిగించుకుని పడుకుంది. ఊరికే వద్దంటే కాదు, ఎందుకో చెప్పు."

సున్నాలాయన గ్లాసు వంక చూస్తూ చెప్పాడు.

"ఒక్కటీ చావలేదు. భుజం పట్టుకున్న మాట నిజం. కుంచె అక్కడే పారేసి పరిగెత్తాను. రెండు నెలలైంది, మళ్లీ అటు పోలేదు. ఒక్క రాయికీ సున్నం లేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని భయం. నా వల్ల కావడం లేదు బావా, వంగితే లేవలేకపోతున్నా. చెల్లిని మాత్రం అటు తీసుకెళ్లకు."

బావ బండి దగ్గరికి వెళ్లాడు. ఎద్దుల తాళ్లు విప్పుతూ ఆగాడు. "మరి ఈ రెండు నెలలూ ఆ దారిన పోయినవాళ్ల సంగతేంటి?"



"ఎవరూ పోలేదులే," అంది అక్క. "రెండు నెలలుగా ఈయన సున్నం కలపడం లేదని ఊరంతా చూస్తూనే ఉంది. ఈయన కథ నమ్మిందెవరు? నువ్వొక్కడివే. అదీ పెళ్లాం నొప్పులు చూడలేక."