ఓబుళేశు వేసిన బ్రేకు

దిగువకు దొల్లే బండిని ఎవురమ్మా ఆపేది
అన్న వచ్చి ఆపెనా, మామ వచ్చి ఆపెనా...

ఈ పాటలో మూడో వరస నాకు గుర్తు లేదు. చిన్నప్పుడు శనక్కాయలు వలుస్తా పాడుకునేవాళ్లం. చివరికి బండిని ఎవరో ఒకరు ఆపుతారు. ఎవరనేదే మరిచిపోయినాను. ఓబుళేశు మా అరుగు మీద కూర్చుని లారీ కథ చెప్పిన రోజంతా నా నాలుక మీద ఈ రెండు వరసలే తిరిగినాయి.

ఓబుళేశు మా వీధివాడు. ఇండ్లల్లో నేలకు పరిచే మా బేతంచెర్ల బండల లారీల మీద ముప్పై ఏండ్లు క్లీనరుగా తిరిగినాడు. నన్ను అక్కా అంటాడు. నాకు కంటి ఆపరేషనప్పుడు కర్నూలుకు చెయ్యి పట్టుకుని తీసుకుపోయినవాడు, వానకు ఇల్లు కారితే పైకెక్కినవాడు అతనే. ఏ పని పడినా పిలవకముందే వస్తాడు. ఆ పొద్దున కూడా అట్లనే వచ్చినాడు, చేతిలో పానాల సంచితో.

పని ఏమంటే మా మనవరాలు మధులత స్కూటరు. పిల్ల పల్లెల్లో తిరిగే నర్సు. ముందురోజు రైలు గేటు దిగుడులో బ్రేకు పట్టలేదు. ఎదురుగా లారీ. పిల్ల రెండు కాళ్లూ నేలకానించి, చెప్పులు అరగదీసుకుని, పక్కనున్న ఇసుక కుప్పలోకి తోలి బతికింది. పొద్దున బస్సుకు పోతా పోతా నాతో ఒకటే మాట చెప్పింది. "అవ్వా, లక్ష్మన్న మామ వచ్చి బండిని లాజరు మెకానిక్కు షాపుకు తోసుకపోతాడు. అంతవరకు ఎవ్వురినీ ముట్టనియ్యొద్దు." ఎవ్వురినీ అంటే ఎవరినో దానికీ తెలుసు, నాకూ తెలుసు.

అతను గోనెపట్ట పరిచి, వెనక చక్రం ముందర కూర్చుని, నట్టుకు పానా తగిలించినాడు. వద్దు అనబోయి ఆగినాను. నా కంటికి చెయ్యి పట్టిన మనిషిని నీ చెయ్యి వద్దని ఎట్లా అనేది? అట్లని పిల్ల ప్రాణం మీద మొగమాటమా? ఏమీ తోచక, "తమ్ముడూ, నువ్వు లారీలకు కూడా బ్రేకు చేసినావా?" అని అడిగినాను.

పానా కిందికి దిగింది. నోరు ఆడేటప్పుడు ఓబుళేశుకు చెయ్యి ఆడదని అప్పుడే కనిపెట్టినాను.

"చేసినావా అని అడుగుతాండావా అక్కా? షాపులనేటివి చేతగానోళ్లకు. ఒకతూరి ఆత్మకూరు దాటి నల్లమల ఘాటులో పోతాండాం, బ్రేకు రవ్వంత మెత్తబడింది. డ్రైవరు తల పట్టుకుని కూర్చునె. నేను చక్రం కింద రాయి పెట్టి, కిందికి దూరి, నట్టు రెండు మరలు బిగిచ్చినా. అంతే."

అది జరిగే ఉంటుంది అనిపించింది. చెయ్యి మళ్లా పానా మీదికి పోతా ఉంటే, అంతేనా, ఇంకేమీ కాలేదా అని అడిగినాను.

"అంతే ఎట్లయితాది? ఆ తర్వాత ఏమైందో తెల్సునా? దోర్నాల దిగుడులో రెండు మలుపులు తిరిగినామో ల్యాదో, బ్రేకు మొత్తానికే పాయ. లైనర్లు కాలి బూడిద. అడివిలో షాపు యాడుంటాది? నా కాళ్లకుండే టైరు చెప్పులు ఇప్పి, కత్తితో కోసి, లైనర్లు ఉండే కాడ అతికిచ్చినా. లారీ పోతానే ఉండాది, నేను కింద యాలాడుకుని చేస్తానే ఉండా."

ఆ మాట దగ్గరికి లక్ష్మన్న వచ్చినాడు. బండల పాలిషు ఫ్యాక్టరీలో పని అతనికి, తల నుంచి కాళ్ల దాకా తెల్లని దుమ్ము. స్కూటరు వైపు కంటితో సైగ చేసినాను. చూసి కూడా, కథ చెవిన పడేసరికి అరుగు మీద కూర్చుండిపోయినాడు. టీ ఇచ్చినాను.

"పోతాండే లారీకా?" అని అడిగినాడు.

"నిలబడిన లారీకి ఎవురైనా చేస్తారప్పా. అప్పటికి డ్రైవరు దుమికేసినాడు. నేను కిందినుంచి పైకొచ్చి బ్రేకు మీద కాలు పెట్టినా. పెట్టినానంటే ఊరికే ఆనిచ్చినా. లారీ ఆడికాడికి నిలబడింది. మరి ఎనకుండే బండలకు ఎవురు చెప్పాల నిలబడమని? నాలుగు వందల బండలు పిట్టల మాదిరి లేసిపొయ్యి, దిగువన పల్లెలో కొత్తగా కడతాండే ఇంట్లో వరసగా పడినాయి. మేము పొయ్యి చూస్తే నాలుగు గదులు, పంచ, అంతా పరిచినట్టుండాది. చీమ దూరే సందు ల్యా. ఆ ఇంటి పెద్దాయప్ప, చెప్పులు ఇడిసి లోపలికి రాండి అన్యాడు. నాకు ఇడిసేదానికి చెప్పులు యాడివి?"

బండలకు పాలిషు ఎవరు పట్టినారని లక్ష్మన్న అడిగితే, గాలికే పట్టిందన్నాడు. నాకు వేరే దిగులు పట్టుకుంది. వంటింట్లో వాలు సరిగ్గా కుదిరిందా, నీళ్లు నిలవలేదు గదా అని అడిగినాను. కుదిరిందక్కా, చెంబెడు పోస్తే నేరుగా తూముకే పోయినాయి అని ఓబుళేశు శానా నిదానంగా చెప్పినాడు. నాకు నెమ్మదయింది.

"ఆ తర్వాత ఏమైందో తెల్సునా? లారీ అయితే నిలబడింది, దాని నీడ నిలబడల్యా. ఆ ఊపులో అదొకటే దోర్నాల దాకా పొయ్యింది. అది తిరిగొచ్చేవరకు ఎండలో మాకు తల దాచుకునేదానికి ల్యా. పైన చూస్తే పొద్దు గూడా నడినెత్తిన నిలబడిపొయ్యింది. గద్ద ఒకటి రెక్కలు సాపుకుని ఉండేది ఉన్నట్టే ఉండాది. ఈడ మన స్టేషన్లో రైలు నిలబడితే, గార్డు దిగి, బ్రేకు ఏసింది ఎవురని ఊరంతా ఇచారిచ్చినాడంట. నేను కాలు తీస్తే గాని ఏదీ కదల్యా."

"కాలు తియ్యకపోయింటే ఈపాటికి అందరం మాడిపోయుందుము," అన్నాడు లక్ష్మన్న.

"అందుకే తీసినా."

ఇంక కథ అయిపోయింది. గ్లాసు పక్కన పెట్టి ఓబుళేశు పానా పట్టినాడు. నట్టు కిర్రుమని అర చుట్టు తిరిగింది. గబుక్కున, నీ బండికి బ్రేకు ఎవరు చేసినారు తమ్ముడూ అన్నాను.

"ఇంకెవురు, నేనే. అది షాపు మొగం చూసి ఏడేండ్లు. తుడిచి చూడక్కా, దిష్టి తగలకుండా చక్రానికి ఎర్ర గీతలు గూడా నేనే ఏసుకుండా."

అతని మోపెడ్డు మా మెట్టు పక్కనే ఉంది. చక్రం నడుమ డ్రమ్ము మీద బండల దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. తడిగుడ్డతో తుడిచినాను. ఎర్ర పెయింటు బయటపడింది.

నేను అక్షరాలు నేర్చింది అరవై దాటినాక, మధులత దగ్గర. అప్పటినుంచి సబ్బు కాగితమైనా, బస్సు బోర్డయినా, అక్షరం కనపడితే చదవకుండా ఉండలేను. చదివేది పైకే చదువుతాను, అక్షరం అక్షరం కూడబలుక్కుంటా. మాట పూర్తయ్యేవరకు ఏం చదువుతున్నానో నాకూ తెలియదు.

"లా... జ... రు." కింది వరసకు వచ్చినాను. "ఓ... బు... ళే... శు. ము..." తర్వాతది కష్టమైన అక్షరం. ట కింద ట ఒత్తు, పైన కొమ్ము మాదిరి ఇంకేదో. "ట్టొ... ద్దు."

అప్పుడు అన్నీ కలిపి ఒక్కసారిగా చదివినాను.

"లాజరు. ఓబుళేశు ముట్టొద్దు."

లక్ష్మన్న నవ్వుకు టీ పొరబోయింది. నేను నాలుక కరుచుకున్నాను. ఓబుళేశు మాత్రం, గీతలు తానే ఏసుకున్నానన్న మాట మరిచి, చక్రం వైపే చూస్తా, "దిష్టి గీతలని చెప్పినాడే లాజరు," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఎన్నాళ్ల నుంచి ఆ రాతతో ఊరంతా తిరిగినాడో.

కాసేపటికి స్కూటరు నట్టును ఎట్లుండేదట్ల బిగించినాడు. పానాలు ఒకటొకటే తుడిచి సంచిలో వేసుకున్నాడు. బండిని లాజరు కాడికే తోసుకపో, గేటు దిగుడులో ముందర బ్రేకు పట్టుకో, ఆడపిల్ల తిరిగే బండి అని గట్టిగా చెప్పు అని లక్ష్మన్నకు అప్పగించినాడు. లక్ష్మన్న తోసుకుంటా పోయినాడు. అతని నవ్వు వీధి మలుపు దాకా వినపడింది.

నేను చదవకుండా ఉండాల్సింది తమ్ముడూ అన్నాను. ఓబుళేశు తన మోపెడ్డు ముందర గొంతుకూర్చుని, ఆ ఎర్ర గీతల్నే శానాసేపు చూసినాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు.

"అక్కా, దీంట్లో నా పేరు యాడ మొదలయితాది? ఏలు పెట్టి చూపిచ్చు."