డేరాలో వినబడిన ఆమెన్

అవ్వా, మీరు చర్చికి పోయేవాళ్లు గదా, దేవుడి సినిమాలు చూసేవాళ్లా అంటావా? చూడకేం పాపా. చూసినందుకే మీ తాతతో పెళ్లయింది నాకు. కూర్చో, చెప్తా.

అప్పట్లో మా ఊరి ఇసకలో టూరింగు టాకీసు డేరా వేసేవాళ్లు. నేల టిక్కెట్టు పావలా... కాదు, ఇంకా తక్కువే అనుకుంటా. ఆడోళ్లొక పక్క, మగోళ్లొక పక్క, మధ్యలో తడిక. సముద్రం గాలికి తెర ఊగేది. తెరమీద స్వామి ఊగితే నిజంగానే వచ్చినాడని చెప్పులిడిచి దండాలు పెట్టేవాళ్లు, కర్పూరం వెలిగించేవాళ్లు.

ఆ రోజు మధ్యాన్నం చిల్లకూరు నించి నన్ను చూడను వచ్చినారు, మీ తాతా, వాళ్లమ్మా. మీ తాత నాకు అప్పుడే నచ్చినాడు, నీకాడ దాపరికమెందుకు. మా అత్త గొంతు మాత్రం చర్చి గంట మాదిరి ఉండేది. "పిల్లకి సినిమాలు అలవాటుందా?" అనింది. "ఇల్లూ చర్చీ తప్ప ఏమీ తెలీదమ్మా" అన్నాడు మా నాయన. రేపు మాట చెప్తామని ఊళ్లోనే మా అత్త చెల్లెలింట్లో దిగినారు.

ఆ సాయంత్రమే పక్కింటి పోలమ్మ, నా నేస్తంలే, "సినిమాకి ఈరోజే ఆఖరు" అనింది. నేను ఆగలేకపోయినా.

సినిమాలో ఒక తల్లి బిడ్డకోసం ఏడ్చి మొక్కితే స్వామి వచ్చినాడు. "నీ బిడ్డ నూరేళ్లు బతుకుతాడు, తథాస్తు" అన్నాడు. డేరా అంతా చేతులు జోడించి గమ్మునుండింది. అప్పుడు వెనకనించి గట్టిగా "ఆమెన్" అని వినబడింది.

ఆడోళ్లందరూ నా దిక్కు తిరిగినారు. వాళ్లెరిగిన చర్చి పిల్లని నేనే గదా. నేను వెనక్కి చూస్తే, కొంగు ముసుగేసుకోని, నాలిక కరుచుకోని, మా అత్త. కళ్లల్లో నీళ్లింకా ఆరలేదు. ఆమెకి తొలుత పుట్టిన బిడ్డ దక్కలేదంట, అది నాకు తర్వాత తెలిసింది. ఒకరినొకరు చూసుకోని కొయ్యబారిపోయినాం. ఈ సంబంధం పోయినట్టే అనుకున్నా.

"నువ్వేనా మే?" అనింది పోలమ్మ.

"నేనే, నోరు జారింది" అన్నా. అంత మందిలో ఆమె పరువు పోతాదనిపించింది, అంతే.

తెల్లారేసరికి ఊరంతా పాకింది. మా నాయన నన్ను తిడతా ఉండంగానే మా అత్త వచ్చింది. పాపం, ఆయన తలెత్తలేక, "తప్పయిపోయిందమ్మా. సినిమాకి పోయింది, పైగా ఆ స్వామికి ఆమెన్ అనిందంట" అన్నాడు. మా అత్త చాపమీద కూర్చోని, నిదానంగా, "బిడ్డ బతకాలని దీవిస్తే ఆమెన్ అనక ఏమంటారయ్యా? పిల్ల మాకు నచ్చింది" అనింది.

పెళ్లినాడు చర్చిలో పాస్టరయ్య దీవెన చెప్పినాడు, అందరూ ఆమెన్ అన్నారు. మా అత్త నా ముసుగు సర్దే మాదిరి వంగి, చెవిలో "తథాస్తు" అనింది. నాకు నవ్వాగలేదు. దీవెనప్పుడు నవ్వుతావేందని పాస్టరయ్య ఉరిమి చూసినాడు.

ఆమె ఉన్నన్నాళ్లూ ఇద్దరం కలిసే సినిమాలకి పోయినాం. నీకూ అట్టాటి అత్త దొరకాల పాపా, చల్లగా ఉండాల. ఊ, అను మరి. రెండిట్లో ఏదన్నా సరే...