ఏ పేరు కొట్టినా తెరుచుకునే తలుపు

ప్రమోషన్ మెసేజ్ రాగానే అతను ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చాడు. కొత్తగా కాపురానికొచ్చిన భార్య ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

“ఏమోయ్, ఆస్పత్రి వెబ్‌సైట్లన్నిటికీ నన్ను హెడ్‌ని చేశారు.”

“ముందు ఇది చూడండి. అత్తయ్యకి వచ్చిన లింకు. మీ ఆస్పత్రి పేరుకి ముందు ‘రిపోర్ట్స్’ అని ఉంది. పాస్‌వర్డ్ అడుగుతోంది.”

“అలాంటి పేజీ మేం పెట్టలేదే.”

“దొంగ పెట్టాడు. ఏ అడ్రస్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పే డీఎన్ఎస్ పట్టికలో మీరు స్టార్ గుర్తు పెట్టారుగా, ముందు ఏ పేరు తగిలించినా మన పెళ్లి ఫొటోల సర్వర్‌కే పోతుంది. అసలు పెళ్లి ఫొటోలకి ఆస్పత్రి పేరెందుకండీ?”

“అడ్రస్ చూసి నువ్వూ మురిసిపోయావు కదా.”

“మురిసింది ఫొటోలకి. ఒక్క పేరు పెడితే సరిపోయేది.”

“రోజుకో పేరు మార్చమన్నావు. విసుగొచ్చి స్టార్ పెట్టేశాను.”

“అయితే తప్పు నాదన్నమాట. పెళ్లి సందడి తీరాక ఆ అద్దె సర్వర్ వదిలేశారు, స్టార్ మాత్రం వదల్లేదు. మీరు ఖాళీ చేసిన ఇంట్లో వాడు అద్దెకు దిగాడు. గుమ్మానికి మీ ఆస్పత్రి బోర్డే వేలాడుతోంది.”

“ఇప్పుడే తీసేస్తా. ఎవరికీ తెలియదులే.”

“అత్తయ్య పాస్‌వర్డ్ కొట్టేశారు. ఇంకెంతమంది రోగులు కొట్టారో మీకు తెలుసా?”

“చెబితే ఈ పదవి ఉండదే.”

“దాచిపెట్టి హెడ్ అయితే నాతో మాట్లాడకండి.”

అతను ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని టకటకా కొట్టాడు.

“స్టార్ తీసేశాను. అమ్మ పాస్‌వర్డ్ ఇప్పుడే మారుస్తాను. రేపు పొద్దున్నే డైరెక్టర్ గారికి అంతా చెప్పి, రోగులందరికీ హెచ్చరిక పంపిస్తాను. పదవి సంగతి ఆయన ఇష్టం.”